అంబాసిడర్ వెనక చక్రాలకు బొలేరో టైర్లు పడతాయా?

మార్క్4_కర్నూలు:
అందరికీ నమస్తే. ఇన్నాళ్ళూ చదివి పోవడమే తప్ప ఇక్కడ రాసింది లేదు. మాది కర్నూలు, కల్లూరు ఎస్టేట్ దగ్గర. మా పెదనాన్న నడిపిన 1986 అంబాసిడర్ మార్క్ 4 పోయినేడు నా చేతికొచ్చింది. ఇంజన్ పని అయింది, టింకరింగ్ అయింది, పాత క్రీమ్ రంగే మళ్ళీ కొట్టించాను. ఇక చక్రాల దగ్గర ఆగింది బండి.

వెనక నుంచి చూస్తే భారీ మనిషికి సన్న కాళ్ళు పెట్టినట్టుంటుంది. మా ఫ్రెండు తన బొలేరో నుంచి తీసిన 215/75 ఆర్15 టైర్లు రెండు ఊరికే ఇస్తానంటున్నాడు. నాదీ 15 అంగుళాల రిమ్మే. అవి వెనక వేసి, ముందు ఇప్పుడున్న 5.90-15 నైలాన్ టైర్లు అలాగే ఉంచాలని ఆలోచన. అందం కోసం మాత్రమే కాదు. మొన్న వానలో డోన్ దాటాక కల్వర్టు దగ్గర బ్రేక్ వేస్తే వెనక భాగం పక్కకు జారింది. పక్క సీట్లో మా అమ్మ ఉంది. ఆ రోజు నుంచి టెన్షన్. వెడల్పు టైరైతే పట్టు ఎక్కువ దొరుకుతుంది కదా?

టైర్ల కొట్టాయన "పెట్టేద్దాం సార్, మడ్‌గార్డ్ అంచు కొంచెం కోస్తే సరి" అన్నాడు. కోయించమంటారా?

చెక్‌పోస్ట్_సోడా:
కొయ్యి అన్నా. తర్వాత డిక్కీ కూడా కోస్తే ట్రాలీ ఆటో అవుతుంది.

గుత్తి_గేటు:
కోయొద్దు. 2014 మేలో ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. రేపు బుద్ధి మారితే కొత్త మడ్‌గార్డ్ ఎక్కడి నుంచి తెస్తావు తమ్ముడూ?

ఇక లెక్క. 215/75 అంటే 215 మి.మీ. వెడల్పు, అందులో 75 శాతం గోడ ఎత్తు. అంటే ఒక పక్క 161 చిల్లర, రెండు పక్కలా కలిపి 322.5. నడుమ రిమ్ము 15 అంగుళాలు, అంటే 381. మొత్తం 703.5 మి.మీ. ఎత్తు టైరు అది. నీ పాత టైరు ఎంతుందో నువ్వే కొలిచి చెప్పు. స్టెప్నీ బయటికి తీసి గాలి సరిగ్గా పట్టించు. టైరు మీద సుద్దతో ఒక గీత, నేల మీద ఒక గీత. ఒక్క చుట్టు దొర్లించి మళ్ళీ నేల మీద గీత. ఆ దూరాన్ని 3.14తో భాగించు. అలాగే రిమ్ము లోపల, టైరు అంచులు కూర్చునే చోట, వెడల్పు ఎంతో చూడు.

మార్క్4_కర్నూలు:
కొలిచానన్నా. ఒక చుట్టుకు 205 సెం.మీ. వచ్చింది, భాగిస్తే 65.3. రిమ్ము లోపలి వెడల్పు దాదాపు 4 అంగుళాలు.

గుత్తి_గేటు:
చూశావా, 653కీ 703కీ అర జానెడు లేకపోయినా 50 మి.మీ. తేడా ఉంది. అంటే దాదాపు 7.7 శాతం. మన బండికి స్పీడోమీటర్ కేబుల్ గేర్‌బాక్స్ నుంచి వస్తుంది కాబట్టి ముల్లు 60 చూపిస్తున్నప్పుడు నువ్వు నిజానికి 64, 65లో పోతుంటావు. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ ఈడ్చుకుంటుంది. వెనక భాగం 25 మి.మీ. లేస్తుంది.

ఇంకా పెద్ద తప్పు రిమ్ము దగ్గర. ఆ టైరు 6 అంగుళాల రిమ్ము మీద హాయిగా కూర్చోవాల్సింది. నీ 4 అంగుళాల రిమ్ముకు ఎక్కిస్తే మూతి బిగించి కట్టిన శెనక్కాయల మూటలా పొట్ట బయటికి వస్తుంది. మలుపులో ఆ పొట్ట అటూ ఇటూ ఊగుతుంది. నువ్వు వెడల్పు టైరు వేశాననుకుంటావు, నేలకు ఆనేది మాత్రం నడిమి భాగమే.

ఊరికే ఇచ్చే టైర్లు ఎప్పుడూ ఖరీదైనవే.

చెక్‌పోస్ట్_సోడా:
మా బావ ఊరికే ఇచ్చిన కుక్కపిల్లకు నెలకు రెండు వేలు అవుతోంది. ఒప్పుకుంటున్నా.

తెల్లకారు_కడప:
నాది పద్మిని, మా తాతయ్యది. మూడేళ్ళ కిందట ఇదే పిచ్చి నాకూ పట్టింది. ఇక్కడ ఒక కొట్టులో వెనక చక్రాలకు వెడల్పు రిమ్ములు, లోపల స్పేసర్లు (చక్రాన్ని బయటికి జరిపే బిళ్ళలు) వేయించాను. కొట్టాయన కారెక్కి ఏడురోడ్ల కూడలి దాకా వెళ్ళొచ్చి "ఎక్కడా తగలట్లేదమ్మా" అన్నాడు. నిజమే, తగల్లేదు. ఖాళీ కారు, చదును రోడ్డు.

ఆ ఆదివారం మేనత్త వాళ్ళతో రాయచోటి బయల్దేరాం. వెనక ముగ్గురు, డిక్కీ నిండా సామాను. గువ్వలచెరువు ఘాట్ మొదలయ్యాక ఎడమ మలుపు తిరిగినప్పుడల్లా కుడి వెనక చక్రం దగ్గర బర్ర్‌మని శబ్దం. మా అత్త "ఏదో కాలుతున్న వాసనే అమ్మాయ్" అంటోంది. పాలకోవా కొట్ల దగ్గర ఆపి చూస్తే మడ్‌గార్డ్ లోపలి అంచు టైరు భుజాన్ని కత్తితో గీసినట్టు గీసేసింది. దారం కనిపిస్తోంది. స్టెప్నీ వేసుకుని వెనక్కి వచ్చాం. కోవా మాత్రం తెచ్చుకున్నాం.

చెప్పొచ్చేదేమిటంటే, వెనక యాక్సిల్ ఒకటే కడ్డీ. ఒక చక్రం గుంతలోకి దిగితే, రెండోది మడ్‌గార్డ్‌లోకి ఎక్కుతూ పక్కకు వంగుతుంది. దానికి తోడు కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) బుష్‌లు అరిగి ఉంటే యాక్సిల్ మొత్తం పక్కకు జరుగుతుంది. నిలబెట్టిన బండికి కొలిచిన సందు ఘాట్‌లో ఉండదు.

లేత్_అనంతపురం:
అక్క చెప్పింది అక్షరాలా నిజం. నేను ముప్ఫయి ఏళ్ళుగా లేత్ మీద ఉన్నాను, స్పేసర్లు నా దగ్గరే చేయించుకుపోతారు. అందుకే చెబుతున్నాను, వద్దు. స్పేసర్ వేస్తే స్టడ్ (చక్రం బిగించే బోల్టు) మీద నట్టు పట్టే మరలు తగ్గుతాయి. స్టడ్ ఎంత లావో కనీసం అంత పొడవునా మర పట్టాలి. మూడు చుట్లకే బిగిసిందని సంతోషపడకూడదు. చక్రం బయటికి జరిగే కొద్దీ బేరింగ్ మీద భారం కూడా పెరుగుతుంది. గడ్డపారను చివర పట్టుకుని నొక్కినట్టు.

కర్నూలు తమ్ముడికి: వెడల్పు టైరు పట్టడం, పట్టకపోవడం టైరు సైజు ఒక్కదాన్ని బట్టి ఉండదు. పెరిగిన వెడల్పు ఎటు పోతోందన్నదే అసలు సంగతి. రిమ్ము వెడల్పు ఒక అంగుళం పెరిగితే, నడిమి గీత కదలకపోతే, లోపలికి 12.7, బయటికి 12.7 మి.మీ. పంచుకుంటుంది. హబ్బుకు, అంటే చక్రం బిగించే దిమ్మెకు, ఆనే రిమ్ము ముఖం, రిమ్ము నడిమి గీత నుంచి ఎంత బయటికి ఉందో దాన్నే ఈటీ అంటారు. ఈటీ 10 పెరిగితే చక్రం మొత్తం 10 మి.మీ. లోపలికి జరుగుతుంది. తగ్గితే బయటికి.

పాత రిమ్ములు కొనే ముందు నాలుగు చూడాలి. నట్ల వృత్తం, అంటే పీసీడీ, మొదటిది. నాలుగు రంధ్రాలైతే ఎదురెదురు రంధ్రాల నడిమి నుంచి నడిమికి కొలిస్తే చాలు. ఐదైతే ఎదురు రంధ్రం ఉండదు కాబట్టి పక్కపక్క రంధ్రాల నడిమి దూరాన్ని 1.701తో గుణించాలి. 67.2 వచ్చిందనుకో, పీసీడీ 114.3. ఒకటి రెండు మి.మీ. తేడా ఉంటే "నట్టు లాక్కుంటుందిలే" అనేవాడి కొట్టు నుంచి వెంటనే లేచి వచ్చెయ్. తర్వాత నడిమి రంధ్రం హబ్బు మీద కూర్చోవాలి. నట్టు మూతి వాలు రిమ్ము రంధ్రం వాలుతో కలవాలి, అల్లాయ్ నట్టు, ఇనుప రిమ్ము నట్టు ఒకటి కావు. చివరికి ఈటీ.

మార్క్4_కర్నూలు:
మాస్టారూ, నా పాత రిమ్మునే నిలువునా కోసి నడుమ పట్టీ వేసి వెల్డింగ్ చేస్తే? ట్రాక్టర్ ట్రాలీలకు చేస్తారు కదా.

లేత్_అనంతపురం:
ట్రాలీ వంద కిలోమీటర్ల వేగంతో పోతుందా నాయనా? వెల్డింగ్ వేడికి రిమ్ము ఒంకర పోతుంది. డయల్ పెట్టి తిప్పితే తెలుస్తుంది. ఎంత బాగా సాన పట్టినా అతుకు దగ్గర గాలి జారుతుంది. నేను రోడ్డు బండికి చెయ్యను, అడిగిన వాళ్ళను పంపేస్తాను. డబ్బు చేదై కాదు.

పాతబండి_ప్రొద్దుటూరు:
ఆలస్యంగా చూశాను. అందరూ టైరు వెడల్పు గురించి మాట్లాడుతున్నారు, వయసు ఎవరూ అడగలేదు. తమ్ముడూ, నీ టైరు పక్క గోడ మీద కోడిగుడ్డు ఆకారంలో గడి ఉంటుంది, దాని చివర నాలుగు అంకెలు. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. చూసి చెప్పు.

మార్క్4_కర్నూలు:
వెనక రెండింటికీ 1409 అని ఉంది. ముందు ఒకదానికి 0511, ఇంకోదానికి అంకెలు అరిగిపోయాయి.

పాతబండి_ప్రొద్దుటూరు:
2009లో పద్నాలుగో వారం! అది రబ్బరు కాదబ్బాయ్, బేతంచర్ల బండ. గోరుతో నొక్కి చూడు, దిగదు. పెదనాన్న బండి షెడ్డులో ఉన్నన్నాళ్ళూ టైరు గీతలు అరగలేదు కాబట్టి నీకు కొత్తలా కనిపించింది. డోన్ దగ్గర జారింది అందుకే. వెడల్పు తక్కువై కాదు.

వెడల్పు టైరుకు వానలో పట్టు ఎక్కువన్నది కూడా తప్పు. నేలకు ఆనే జాగా ఎంతన్నది ముఖ్యంగా బండి బరువు, టైరులో గాలి మీద ఆధారపడుతుంది. టైరు వెడల్పు చేస్తే ఆ జాగా అడ్డంగా పెరిగి నిలువుగా తగ్గుతుంది. పొడి రోడ్డు మీద మలుపుల్లో అది బాగానే ఉంటుంది. నిలిచిన నీళ్ళ మీద మాత్రం వెడల్పు టైరు పక్కకు తొయ్యాల్సిన నీళ్ళు ఎక్కువ, కాబట్టి తొందరగా తేలిపోతుంది. వానకు కావాల్సింది మెత్తటి కొత్త రబ్బరు, లోతైన గీతలు.

ఇంకొకటి. ఒకే యాక్సిల్ మీద ఒకటి నైలాన్ (లోపలి దారాలు ఏటవాలుగా అల్లిన పాత రకం), ఒకటి రేడియల్ (దారాలు అడ్డంగా పోయే కొత్త రకం) ఎప్పుడూ వద్దు. ముందు రేడియల్, వెనక నైలాన్ అసలే వద్దు, వెనక భాగం తోక ఊపుతుంది. తప్పనిసరైతే వెనక రేడియల్, ముందు నైలాన్. నన్నడిగితే నాలుగూ రేడియలే.

మార్క్4_కర్నూలు:
ఇది చదివి గోరుతో నొక్కి చూశా. నా గోరే విరిగింది. రెండు వారాలు బండి బయటికి తియ్యను.

ఆర్సీ_బుక్కు:
కోత గురించి ఒక మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. పదిహేనేళ్ళు దాటిన సొంత కార్లకు ఐదేళ్ళకోసారి ఆర్సీ రెన్యువల్ ఉంటుంది, బండి చూపించాలి. కోసిన మడ్‌గార్డ్ అక్కడ ఎలా దాస్తారు?

పైగా 2021 జులైలో వింటేజ్ బండ్లకు వేరే రిజిస్ట్రేషన్ నిబంధనలు వచ్చాయి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటాలి. ఛాసిస్, బాడీ, ఇంజన్లలో మార్పులు లేకుండా అసలు రూపంలో ఉండాలి. నంబరులో వీఏ అని వస్తుంది. మీ బండికి 2036లో 50 నిండుతాయి. ఇప్పుడు గ్రైండర్ పెడితే ఆ దారి మూసుకుపోతుంది. చక్రాలంటారా, నట్లు విప్పి ఎప్పుడైనా పాతవి బిగించుకోవచ్చు.

చెక్‌పోస్ట్_సోడా:
2036కి నాకు 50 నిండుతాయి. నాకూ వీఏ నంబర్ ఇస్తారా?

ఆర్సీ_బుక్కు:
అసలు రూపంలో ఉంటే.

మార్క్4_కర్నూలు:
సరే, కోత లేదు, బొలేరో టైర్లు లేవు. పాత సామాన్ల కొట్టులో నట్లు, నడిమి రంధ్రం రెండూ సరిపోయే 5.5 అంగుళాల ఇనుప రిమ్ములు ఐదు దొరికాయి. లేత్‌లో తిప్పించి చూశా, ఒంకర లేవు. ఇప్పుడున్న టైరు దాదాపు 150 మి.మీ. వెడల్పు. దాని లోపలి పక్క నుంచి కమాన్ కట్టకు 48 మి.మీ. సందు. మడ్‌గార్డ్ అంచు నుంచి తాపీమేస్త్రీ గుండు వేలాడదీసి చూస్తే టైరు 36 మి.మీ. లోపలికి ఉంది. ఏ సైజు వేయమంటారు?

లేత్_అనంతపురం:
గుండు వేలాడదీశావంటే నువ్వు బాగుపడతావు. 205/65 ఆర్15 తీసుకో. 5.5 రిమ్ము మీద అది 200 దగ్గర ఉంటుంది. అంటే 50 పెరిగింది, పక్కకు 25. లోపల 23 మిగులుతుంది, బయట 11. ఆ 11 నాకు నచ్చలేదు. ఈ రిమ్ముల ఈటీ పాతదాని కంటే 5 ఎక్కువుంటే లోపల 18, బయట 16. అప్పుడు పర్వాలేదు. ఎత్తు 647.5, నీ పాతదానికి ఒక్క శాతం కూడా తేడా లేదు.

గుత్తి_గేటు:
నేను మాత్రం నాలుగింటికీ 195/65 అంటాను. ఎత్తు 634.5, మూడు శాతం లోపు తక్కువ. వెనక మాత్రమే వెడల్పు చేస్తే మలుపులో ముందు చక్రాలు ముందుగా పట్టు వదిలి బండి తిన్నగా పోతానంటుంది. పైగా స్టెప్నీ ఒక్కటే సైజు చాలు.

తెల్లకారు_కడప:
నాలుగింటికీ వెడల్పు అనే ముందు పవర్ స్టీరింగ్ లేదని గుర్తుంచుకోండి. పార్కింగ్‌లో తిప్పేది మీరు కాదు, ఆయన. నా ఓటు ముందు 195, వెనక 205. తేడా కొంచెమే కాబట్టి మలుపుల్లో గొడవ రాదు, చూపుకూ తృప్తి.

గుత్తి_గేటు:
చూపు కోసమే ఇంత కథ నడిచిందని ఒప్పుకున్నందుకు సంతోషం అక్కా.

లేత్_అనంతపురం:
ఏది వేసినా పరీక్ష మాత్రం ఇలా చెయ్. ముందు బుష్‌లు మార్చు. ముందు చక్రాలకు అడ్డు రాళ్ళు పెట్టు. డిక్కీలో నాలుగు నాపరాళ్ళు, వెనక సీట్లో ముగ్గురు మనుషుల బరువుకు సిమెంట్ బస్తాలు. ఒక వెనక చక్రాన్ని పొందిగ్గా పేర్చిన నాపరాళ్ళ దొంతర మీదికి మెల్లగా ఎక్కించి సందు చూడు. తర్వాత రెండో వైపు. ఆ స్థితిలో బండి కిందికి దూరొద్దు, టార్చి వేసి పక్క నుంచే చూడు. తర్వాత మడ్‌గార్డ్ లోపలి అంచు పొడవునా చపాతీ పిండి ముద్ద అతికించి, అదే బరువుతో స్పీడ్ బ్రేకర్ల మీద పోయి రా. పిండి ఎక్కడ నలిగిందో అక్కడ తగులుతోంది.

చెక్‌పోస్ట్_సోడా:
సంగటి ముద్ద అతికించొచ్చా మాస్టారూ? బాగా పట్టుకుంటుంది.

లేత్_అనంతపురం:
పట్టుకుంటుంది. వీధి కుక్కలు కూడా పట్టుకుంటాయి.

మార్క్4_కర్నూలు:
మూడు వారాల తర్వాత వస్తున్నాను. అక్క చెప్పినట్టే ముందు 195/65, వెనక 205/65, అన్నీ కొత్త రేడియల్స్, తేదీలు చూసే తీసుకున్నా. పాత షాకిల్ బుష్‌లు తీస్తే చేతిలో పొడి అయిపోయాయి, కొత్తవి వేశాం.

ఎవరూ ముందు చెప్పని తంటా ఒకటి వచ్చింది. గాలి నిండిన 205 టైరు మడ్‌గార్డ్ కిందుగా హబ్బు దాకా దూరనే లేదు. బాడీకి జాకీ పెట్టి యాక్సిల్‌ను కిందికి వేలాడనిచ్చి, టైరులో గాలి సగం తీసి, అప్పుడు దూర్చాం. బిగించాక గాలి పట్టాం. అంటే రోడ్డు మీద పంక్చరైతే డిక్కీలో గాలి పంపు కూడా ఉండాలన్నమాట. కొన్నాను.

పరీక్ష మాస్టారు చెప్పినట్టే చేశా. నాపరాళ్ళు ఎదురింటి కొత్త ఇంటి పని దగ్గర అడిగి తెచ్చాం. కుడి వైపు పిండి చెక్కుచెదరలేదు. ఎడమ వైపు ఒక్కచోట, బెత్తెడు పొడవునా నలిగింది. చూస్తే టైరుది కాదు తప్పు. టింకరింగ్‌లో రేకు అంచు మడవకుండా కిందికి వదిలేశారు. చెక్క దిమ్మె ఆనించి సుత్తితో మడిచి, పెయింటు లేచిన చోట రెడ్ ఆక్సైడ్ పూశా. మళ్ళీ పిండి, మళ్ళీ స్పీడ్ బ్రేకర్లు. ఈసారి శుభ్రం. మా అమ్మ "చపాతీలు చెయ్యమంటే చెయ్యవు గానీ" అని మొదలుపెట్టింది.

గుత్తి_గేటు:
స్టెప్నీ ఏ సైజు పెట్టావు?

మార్క్4_కర్నూలు:
195.

గుత్తి_గేటు:
అయితే అది వెనక వెయ్యాల్సి వస్తే ఎడమ, కుడి చక్రాల ఎత్తులో రెండు శాతం తేడా ఉంటుంది. తిన్నటి రోడ్డు మీద కూడా డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్లు) తిరుగుతూనే ఉంటుంది. పంక్చర్ కొట్టు దాకా నిదానంగా పో, దాని మీద బెంగళూరు పోవద్దు. ఇంకో సంగతి, వంద కిలోమీటర్లు తిరిగాక నట్లు మళ్ళీ బిగించు.

తెల్లకారు_కడప:
స్టీరింగ్ ఎలా ఉంది? నిజం చెప్పండి.

మార్క్4_కర్నూలు:
నిలబెట్టి తిప్పితే భుజాలు లాగుతున్నాయి అక్కా. కదిలాక పర్వాలేదు. నిన్న వానలో కావాలనే అదే డోన్ రోడ్డులో వెళ్ళా. ఆ కల్వర్టు దగ్గర వెనక ఎవరూ లేనప్పుడు, ముప్ఫయిలో, బ్రేక్ వేసి చూశా. తిన్నగా ఆగింది. టైరు వెడల్పు వల్లా, కొత్త రబ్బరు వల్లా అని నన్ను అడగొద్దు.

పాతబండి_ప్రొద్దుటూరు:
అడగను. నాకు తెలుసు.

ఆ పాత రిమ్ములు ఐదూ ఏం చేశావు? అమ్మితే నేను తీసుకుంటాను, మా దగ్గర ఒక మార్క్ 3 ఉంది.

మార్క్4_కర్నూలు:
గ్రీజు పూసి గోనె సంచుల్లో చుట్టి అటక ఎక్కించా అన్నా. అమ్మను. 2036 ఉంది కదా.